ముసురులో పడవ అద్దం

సియాటెల్‌లో ఏడాదికి కురిసే వాన హైదరాబాద్ వానకంటే మరీ ఎక్కువేం కాదు. అక్కడ దాదాపు 950 మిల్లీమీటర్లు, ఇక్కడ 800 పైచిలుకు. తేడా అంతా కురిసే తీరులోనే ఉంది. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా దంచికొట్టి వెళ్లిపోతుంది. సియాటెల్‌లో ఏడాదికి 150 రోజుల దాకా ఏదో ఒక పూట తడి తప్పదు. చలికాలమంతా ముసురే. గొడుగు తీసేంత వాన కాదు, తీయకపోతే చొక్కా తడవక మానదు. అక్కడి చిన్న మోటారు పడవల వైపర్లకు అసలు పరీక్ష ఈ ముసురే. జోరువాన వైపర్‌కి తేలిక. ఎందుకో తర్వాత చూద్దాం.

ఊరిని ఆనుకుని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. 1970, 80లలో తయారైన ఫైబర్‌గ్లాస్ పడవలు అందులో ఇప్పటికీ బోలెడు తిరుగుతున్నాయి. వాటిని తయారుచేసిన బేలైనర్ అనే కంపెనీ ఫ్యాక్టరీ సియాటెల్‌కి ఉత్తరాన ఉన్న ఆర్లింగ్టన్‌లోనే ఉండేది. ఇరవై అడుగుల పడవ, ముందు చిన్న క్యాబిన్, నడిపేవారి ఎదుట ఒక అద్దం, దానికి గుప్పిట్లో పట్టేంత మోటారుతో ఒక వైపర్. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి కాబట్టి పీతలు పట్టే సరదా ఉన్నవాళ్లు కొంటుంటారు.

కారు అద్దం మసకబారితే పక్కకు తీసి ఆపుకుంటాం. నీటి మీద అలా కాదు. ప్యూజెట్ సౌండ్‌లో దుంగలు తేలుతుంటాయి. కొన్ని నీళ్లు పీల్చి బరువెక్కి నిట్టనిలువుగా నిలబడతాయి, కొస మాత్రమే నీటి మట్టానికి కనిపిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అలాంటిది తగిలితే పడవ అడుగు పగలొచ్చు. సముద్రంలో ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో అయిదోది, కంటితో చెవితో ఎప్పుడూ కాపలా కాయాలంటుంది. పెద్ద ఓడకూ అదే రూలు, ఈ బుల్లి పడవకూ అదే రూలు.

పాత వైపర్ ఈడుస్తూ, ఆగుతూ, మూలుగుతూ తిరుగుతుంటే అందరికీ మొదట తట్టేది ఒకటే: ఇంకా బలమైన మోటారు కొనేద్దాం. నా లెక్కలో అది చివరి పని. ముందు చూడాల్సింది రబ్బరు, నీళ్లు, వైర్లు.

రబ్బరు సంగతి వింతైనది. పొడి అద్దం మీద రబ్బరుకు ఘర్షణ చాలా ఎక్కువ. అద్దం బాగా తడిస్తే రబ్బరుకీ అద్దానికీ మధ్య పల్చటి నీటిపొర చేరి ఘర్షణ పదో వంతుకో అయిదో వంతుకో పడిపోతుంది. జోరువానలో వైపర్ మెత్తగా జారేది అందుకే. ఈ రెండింటికీ మధ్య, అద్దం సగం తడి సగం పొడిగా ఉన్నప్పుడు, ఘర్షణ పొడి అద్దం మీదకంటే కూడా పెరుగుతుంది. రబ్బరు అంటుకుంటుంది, సాగుతుంది, ఒక్కసారిగా విడిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది. నల్లబల్ల మీద సుద్దముక్క కిర్రుమనేది కూడా ఇలాగే. ముసురులో అద్దం రోజంతా ఈ సగం తడిలోనే ఉంటుంది. వైపర్ ఒకసారి తుడిచాక మళ్లీ తడవడానికి కాస్త టైం పట్టాలి, ఈలోపే అది మళ్లీ వచ్చి ఆ సగం తడి అద్దాన్ని గీకుతుంది.

బ్లేడు అంచు అద్దం మీద నిటారుగా నిలవదు. వెళ్లే దిక్కుకు వెనక్కి వాలి, సుమారు 45 డిగ్రీల కోణంలో ఈడ్చుకుపోతుంది. చివరికి వెళ్లి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆ సన్నటి పెదవి అటునుంచి ఇటు మడత పడాలి. ఎండకు గట్టిపడిన రబ్బరు ఈ మడత పడలేదు. గుర్తు పట్టడం సులువు: ఒక దిక్కున శుభ్రంగా తుడుస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు దడదడలాడుతూ చారలు వదులుతుంది. అలా ఉంటే మోటారును అనుమానించనక్కర్లేదు, బ్లేడు మారిస్తే చాలు.

ఇక ఉప్పు. ప్యూజెట్ సౌండ్‌లో నదుల నీళ్లు కలుస్తాయి కాబట్టి ఉప్పు మహాసముద్రం కంటే కాస్త తక్కువ, అయినా లీటరుకు 30 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అల కొట్టిన తుంపర అద్దం మీద పడి ఆరితే మిగిలేది తెల్లటి పొర. దాన్ని పొడి బ్లేడుతో తుడిస్తే అద్దమంతా పులమడమే అవుతుంది, ఎదురెండలో ముందు ఏమీ కనబడదు. వానచినుకులు దాన్ని కడిగేస్తాయి, కానీ ఎండకాచే రోజున అలల తుంపరే తప్ప వాన రాదు. అందుకే పాత పడవ వైపర్‌కి చేసే మార్పుల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది మంచినీళ్ల వాషర్. కారు వాషర్‌లో వాడే 12 వోల్టుల బుల్లి పంపు, రెండు మూడు లీటర్ల డబ్బా, సన్నటి గొట్టం, నీళ్లు చిమ్మే ఒక నాజిల్. నాజిల్‌ను వైపర్ చేతికే బిగిస్తే ఎదురుగాలికి నీళ్లు చెదరకుండా బ్లేడు ముందే పడతాయి. ఉప్పు కరుగుతుంది, సగం తడి పూర్తి తడి అవుతుంది, మోటారు మీద భారం దానంతటదే తగ్గుతుంది.

అసలు రహస్యం చాలాసార్లు వైర్లలోనే దాగుంటుంది. బ్యాటరీ పడవ వెనక, వైపర్ ముందు. కరెంటు అయిదు మీటర్లు వెళ్లాలి, అయిదు మీటర్లు తిరిగి రావాలి. పాత పడవల్లో 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న రాగి వైరు ఉందనుకుందాం. పది మీటర్లకు దాని నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 0.23 ఓమ్. జాయింట్లలో, స్విచ్చిలో, ఫ్యూజు గూట్లో పచ్చగా పట్టిన కిలుము ఇంకో అర ఓమ్ కలుపుతుంది. వైపర్ 3 ఆంపియర్లు లాగుతుంటే దారిలోనే 2.2 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.6 ఉన్నది మోటారు దగ్గరికి వచ్చేసరికి 10.4.

బ్లేడు అతుక్కుపోయి మోటారు ఆగిపోయే క్షణంలో పరిస్థితి ఇంకా ఘోరం. మోటారు బలం దాని గుండా పారే కరెంటును బట్టే ఉంటుంది. మోటారు లోపలి తీగచుట్ట నిరోధం 1 ఓమ్ అనుకుంటే, మంచి వైర్లతో అది దాదాపు 12 ఆంపియర్లు లాగి బ్లేడును ఊడబెరుకుతుంది. ఈ కిలుము వైర్లతో 7.3 ఆంపియర్లే దొరుకుతాయి. అంటే అవసరమైన సమయానికే దాదాపు నలభై శాతం బలం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు పెద్ద మోటారు బిగిస్తే? అది ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతుంది, అదే వైర్లలో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది. డబ్బులు పోయినట్టే, మూలుగు మాత్రం అలాగే ఉంటుంది.

పరీక్ష చాలా తేలిక. వైపర్ తిరుగుతుండగా మోటారు టెర్మినళ్ల దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టాలి, వెంటనే బ్యాటరీ దగ్గర పెట్టి చూడాలి. స్విచ్చి ఆపి కొలిస్తే మోటారు దగ్గర వోల్టేజీయే ఉండదు, దానివల్ల ఏమీ తెలియదు. కరెంటు పారినప్పుడే నష్టం బయటపడుతుంది. తేడా అర వోల్టు దాటితే వైర్లు మార్చాల్సిందే. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పది మీటర్ల మీద పోయేది 0.2 వోల్టు. పడవలకు తగరం పూత పూసిన రాగి తీగ వాడతారు, ఇంట్లో వాడే మామూలు వైరు ఉప్పు గాలికి తోలు లోపలే నల్లబడిపోతుంది.

చాలామంది ఇంకో పని చేస్తారు: పొడుగు బ్లేడు, దానికి పొడుగు చెయ్యి. బ్లేడు అద్దాన్ని నొక్కే బలం మీటరు పొడవుకు సుమారు 15 న్యూటన్లు ఉంటుంది. 30 సెంటీమీటర్ల బ్లేడు బదులు 40 వేస్తే ఘర్షణ మూడో వంతు పెరుగుతుంది. చెయ్యి కూడా అంతే పొడిగిస్తే ఆ ఘర్షణ చేతిని తిప్పే షాఫ్టుకు ఇంకా దూరం నుంచి పనిచేస్తుంది. రెండూ కలిసి మోటారు మీద భారం 78 శాతం పెరుగుతుంది. అంతకంటే తెలివైన దారి ఊపు కోణం పెంచడం. అదే చెయ్యి, అదే బ్లేడు 80 డిగ్రీల బదులు 110 డిగ్రీలు ఊగితే తుడిచే జాగా 37 శాతం పెరుగుతుంది, షాఫ్టు మీద మెలి బలం మారదు. నిమిషానికి అన్నే ఊపులు ఊగాలంటే బ్లేడు కాస్త వడిగా కదలాలి, అంతే.

పాత వైపర్లతో ఇంకో చికాకు, స్విచ్చి ఆపిన చోటే నిలిచిపోతాయి. సరిగ్గా కళ్ల ముందు నిలవకుండా చూసి ఆపాలి. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ పేటెంటు తీసుకున్న వైపర్‌ని లోపలి నుంచి మీట లాగి నడపాలి. పాత పడవ మోటార్లకు వెనక ఉండే చిన్న పిడి ఆ మీట వారసత్వమే, చేత్తో తిప్పి పక్కకు నెట్టడానికి. కొత్త మోటారు తానే పక్కకు వెళ్లి పడుకుంటుంది. లోపలి గేరు చక్రం మీద ఒక గాడి ఉంటుంది. మీరు స్విచ్చి ఆపినా మూడో వైరు గుండా కరెంటు వస్తూనే ఉంటుంది. గాడి దగ్గరికి రాగానే అది తెగి, అదే క్షణంలో మోటారు రెండు కొసలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. తిరుగుతున్న మోటారు అప్పుడు జనరేటర్‌గా మారి తన కరెంటుతో తనకే బ్రేకు వేసుకుంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే వేగానికి జారి గాడి దాటిపోయేది.

ఈ మూడో వైరు ఉంటేనే ముసురుకు అసలు మందు పనికొస్తుంది: ఒకసారి తుడిచి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ తుడిచే పద్ధతి. రాబర్ట్ కెర్న్స్ అనే ఇంజినీరు దీనికి 1964లో దరఖాస్తు చేసి 1967లో పేటెంటు పొందారు. కరెంటును కాసేపు దాచుకునే కెపాసిటర్ నిండటానికి పట్టే సమయమే విరామం, నిండగానే స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టర్ మోటారును ఒక్క ఊపు ఊపుతుంది. కనురెప్ప అవసరమైనప్పుడే కొట్టుకుంటుంది కదా అన్నది ఆయనకు వచ్చిన ఊహ. కార్ల కంపెనీలు ఆ పని వాడుకున్నందుకు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 1990లో ఫోర్డ్ 10.2 మిలియన్ డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చింది. ఇవాళ ఆ విరామం ఇచ్చే బుల్లి రిలే కారు విడిభాగాల షాపులో దొరుకుతుంది.

పడవ అద్దం నిజంగా అద్దమో కాదో కూడా చూసుకోవాలి. అక్రిలిక్ ప్లాస్టిక్ అయితే ఎంత మంచి వైపర్ పెట్టినా ఇసుక రేణువులతో గీతలు పడి కొన్నాళ్లకే పాలగాజులా మారుతుంది. ఆ భాగం వరకు టఫెన్డ్ గ్లాసు వేయించుకోవడమే మేలు.

ఇవన్నీ అయ్యాక కూడా మోటారు మూలుగుతుంటే అప్పుడు దాన్ని విప్పాలి. లోపలి మర చక్రం పళ్లు అరిగితే మోటారు తిరుగుతున్న శబ్దం వస్తుంది, బ్లేడు మాత్రం కదలదు. అలాంటిది మార్చాల్సిందే. ఆర్డరు పెట్టే ముందు మోటారు బిగించే క్యాబిన్ గోడ మందం కొలిచి, షాఫ్టు పొడవు దానికి సరిపోతుందో లేదో చూడాలి. పాత రంధ్రం చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి కూడా చూడాలి. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటే అక్కడ నీరు దిగి మెత్తబడి ఉండొచ్చు. మెత్తగా తగిలితే కుళ్లిన చెక్క తవ్వి ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం వేసి, మెరైన్ సీలెంట్ పూసి బిగించాలి.