రాజుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఎవరు చూశారు?

బుజ్జీ, చిన్నోడూ,

మొన్న ఫోన్‌లో బుజ్జి ఒక ప్రశ్న అడిగితే తర్వాత చెప్తాలే అని దాటేశాను. అప్పట్నించీ అది నా మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే ఇవాళ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అశోకుడి జీవితం మీద బుజ్జి చదువుతున్న పుస్తకంలో, కళింగ యుద్ధం ముగిసిన రోజు చక్రవర్తికి కంటి మీద కునుకు లేదని ఉందట. "తాతయ్యా, అది జరిగి రెండు వేల ఏళ్ల పైనే అయింది కదా, ఆయనకి నిద్ర పట్టలేదని వీళ్లకెలా తెలిసింది? పక్కన కూర్చుని ఎవరైనా చూశారా?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు బుజ్జీ. చూసినవాళ్లు ఉన్నా వాళ్లు రాసిపెట్టింది మన దాకా రాలేదు.

అయితే పుస్తకం అబద్ధమా అని వెంటనే అడుగుతావని తెలుసు. తొందరపడకు. మీ నానమ్మ కుట్టిన బొంత గుర్తుందా, చిన్నోడు చలికాలం వస్తే వదలకుండా చుట్టుకునేది? దాన్ని ఒకసారి పరిచి చూడండి. అందులో నానమ్మ పట్టుచీర కొంగు ముక్క ఒకటి ఉంది, నా పాత పంచె ముక్కలున్నాయి, మీ నాన్న బడికి వేసుకెళ్లిన చొక్కా జేబు కూడా ఒక మూల ఉంది. అవన్నీ నిజంగా ఎవరో కట్టుకున్న బట్టలు, ఒక్కటీ కల్పించింది లేదు. కానీ ఆ ముక్కలు వాటంతట అవి వచ్చి అతుక్కోలేదు. దారం నానమ్మది, ఏ ముక్క పక్కన ఏది రావాలో చూసుకున్నదీ ఆవిడే. ఎక్కడైనా ముక్క చాలకపోతే దారాన్నే అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి ఆ ఖాళీ మూసేసింది. ఎప్పుడో పోయిన మనిషి గురించి పుస్తకం రాయడమూ ఇలాంటి పనే. దొరికిన ముక్కలు నిజం, కుట్టిన దారం రాసినాయనది. నిద్ర పట్టలేదన్న మాట దారం.

మరి అశోకుడి విషయంలో మనకు దొరికిన గుడ్డ ఏమిటి? రాళ్లు. ఆయన తన మాటల్ని కొండరాళ్ల మీదా స్తంభాల మీదా చెక్కించాడు. ఆ రాతని చదవడం తర్వాతి కాలంలో అందరూ మర్చిపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన ఒక్కో అక్షరం పోల్చుకుంటూ ఆ బ్రాహ్మీ లిపిని విప్పాడు. విప్పితే చాలా చోట్ల రాజు పేరు 'దేవానాంపియ పియదసి', అంటే దేవతలకు ఇష్టుడైన పియదసి, అని ఉంది తప్ప అశోకుడని లేదు. 1915లో ఇప్పటి కర్ణాటకలోని మస్కి దగ్గర ఒక రాయి మీద అశోక అన్న పేరు దొరికింది. అంటే, ఆలోచించండి, మనిషి మాటలు ముందు దొరికాయి, ఆ మాటలు ఎవరివో ఆ రాయి మీద తేలడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర కూడా ఆయన శాసనాలున్నాయి. వీలు చూసుకుని ఆ బండల దగ్గరికి వెళ్లండి.

పదమూడో శాసనంలో ఆయనే చెప్పుకున్నాడు: పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్లకు కళింగను గెలిచాననీ, 1,50,000 మందిని అక్కణ్ణించి తరలించారనీ, 1,00,000 మంది చచ్చిపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది ఆ తర్వాత పోయారనీ, దాని గురించి తనకి చాలా బాధగా ఉందనీ. బాధ పడ్డానని రాజే రాయి మీద చెక్కిస్తే, ఆ మాట పట్టుకుని రాసినాయన 'నిద్ర పట్టి ఉండదు' అనుకున్నాడు. నాకైతే అది తప్పని తోచదు. కాకపోతే 'ఉండదు' అన్న ముక్కని మధ్యలో ఎక్కడో జారవిడిచాడు, బుజ్జి దాన్నే పట్టుకుంది.

ఇంతకన్నా నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. ఈ పదమూడో శాసనం ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లో గిర్నార్ దగ్గర ఉంది, ఎక్కడెక్కడో ఉంది గానీ కళింగలో మాత్రం లేదు! ఇప్పటి ఒడిశాలో ధౌలి, జౌగడ అనే చోట్ల ఆయన శాసనాలు చెక్కించాడు కదా, అక్కడ పదకొండు, పన్నెండు, పదమూడు మూడూ వదిలేసి, వాటి బదులు మనుషులందరూ నా బిడ్డలే అనీ, ఎవర్నీ అన్యాయంగా చెరలో పెట్టొద్దనీ అధికారులకు చెప్పే వేరే మాటలు పెట్టించాడు. ఎందుకు? చచ్చిపోయినవాళ్ల ఇళ్ల ముందు ఆ లెక్క చెక్కించడానికి బహుశా ఆయనకి చేతులు రాలేదేమో. ఇదిగో, ఈ ఆఖరి వాక్యం నా దారం. బహుశా అని పెట్టాను, చూశారా?

చిన్నోడికి బోర్ కొడుతోందని ఇక్కణ్ణించే తెలుస్తోంది, కాబట్టి వంటింటి సంగతి ఒకటి చెప్తాను. మొదటి శాసనంలో, తన వంటశాలలో ఇదివరకు రోజూ లక్షల జీవాలను చంపేవాళ్లనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేననీ, ఆ జింక కూడా రోజూ కాదనీ, ముందు ముందు ఈ మూడింటినీ కూడా చంపబోరనీ రాయించాడు. అంత పెద్ద చక్రవర్తి ఇంకా రెండు నెమళ్లు మానలేదని దాచకుండా ఒప్పుకోవడం నాకు ఆ పెద్ద పెద్ద ధర్మోపదేశాలన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది.

ఇదంతా పట్టు ముక్క. రాజు మాట రాజు చెప్పిందే. కళింగలో ఈటె పట్టుకుని నిలబడినవాడు ఇంటికి ఏం కబురు పంపాడో మనకి ఒక్క అక్షరం కూడా దొరకలేదు. అందుకే ఎక్కడైనా సైనికుడి ఉత్తరం కనిపిస్తే నేను రాజుల్ని పక్కన పెట్టేసి దాన్నే చదువుతాను. అది పాత పంచె ముక్క. వెలిసిపోయి ఉంటుంది గానీ మనిషి ఒంటిని తాకిన గుడ్డ.

ఈజిప్టులో టెబ్టూనిస్ అనే పాత ఊరిని 1899, 1900ల్లో తవ్వితే చిరుగుల పాపిరస్ కాగితాలు బోలెడు బయటపడ్డాయి. అందులో ఒకటి దాదాపు 1,800 ఏళ్ల కిందటి ఉత్తరం. రాసినవాడు ఔరేలియస్ పోలియన్, రోమన్ సైన్యంలో సిపాయి. కొలువేమో ఇప్పటి హంగరీ వైపు డాన్యూబ్ నది దగ్గర, ఇల్లేమో ఈజిప్టులో, మధ్యలో సముద్రం. తమ్ముడికీ, చెల్లెలికీ, రొట్టెలమ్మే తల్లికీ కలిపి రాశాడు (అన్నా తమ్ముడా, అక్కా చెల్లెలా అన్నది ఆ భాషలో తెలియదు, అదీ నా దారమే). మీరు బాగుండాలని రాత్రీ పగలూ మొక్కుకుంటున్నాను, నేను రాయడం ఆపలేదు, మీకే నేను గుర్తులేను, ఆరు ఉత్తరాలు పంపాను, ఒక్కసారి తలుచుకుంటే సెలవడిగి వచ్చేస్తాను, నేను మీ తోబుట్టువునని తెలుస్తుంది. ఇదీ అందులో ఉన్నది. వెనకవైపు, ఉత్తరాన్ని ఇంటికి చేర్చమని ఒక మాజీ సైనికుడికి రాసిన మాట కూడా ఉంది. జవాబొచ్చిందో లేదో తెలియదు. కాగితం అక్కడ చిరిగింది కాదు, అంతే, ఇంకేమీ దొరకలేదు.

ఆ ఆరు ఉత్తరాల లెక్క చదివినప్పుడల్లా నాకు మా పక్కింటి పెద్దమ్మ గుర్తొస్తుంది. ఈ కథ మీ నాన్నకి కూడా చెప్పలేదు.

నాకప్పుడు పదకొండేళ్లు. పెద్దమ్మకి చదవడం రాదు, ఒక్కడే కొడుకు, సైన్యంలో ఉండేవాడు. ఉత్తరం రాగానే కొంగుకి చెయ్యి తుడుచుకుని, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మా ఇంటికొచ్చేది, నేను అరుగు మీద కూర్చుని చదివి పెట్టేవాణ్ణి. ఒకసారి వచ్చిన ఉత్తరంలో, సెలవు దొరకలేదు, ఈ ఏడు రాలేను అని ఉంది. నేను ఆ లైను దాకా వచ్చి తలెత్తి చూశాను. పెద్దమ్మ నోరు కొంచెం తెరుచుకుని, పెదాలు కదుపుతూ, నేను చదివిన ఒక్కో మాటా తనలో తను మళ్లీ అనుకుంటోంది. నాకు నోరు రాలేదు. సెలవడిగాను, దొరికితే వచ్చే నెల వస్తాను అని చదివేశాను. మిగతాదంతా ఉన్నదున్నట్టే చదివాను.

ఆ నెలంతా నాకు టెన్షనే. పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చుంటే చాలు, నాకు అన్నం దిగేది కాదు. ఆఖరికి తట్టుకోలేక వెళ్లి ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఆ మాట దగ్గర నీ గొంతు మారింది నాయనా, అప్పుడే అనుకున్నాను" అంది. కాసేపు ఊరుకుని, మళ్లీ ఆ ఉత్తరం తెచ్చి, "ఇప్పుడు వాడు రాసింది చదువు" అంది.

నేను ప్రేమతోనే కలిపాను ఆ ముక్క. పుస్తకాలు రాసేవాళ్లలో చాలామంది కూడా ప్రేమతోనే కలుపుతారు. అయినా వినేవాళ్లకి వాడు రాసింది కావాలి, పిల్లలూ. బాధగా ఉన్నా సరే, వాడి మాటే కావాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు. చాలామందికి రాయడం రాదు, ఎవరిచేతో చెప్పి రాయించుకునేవాళ్లు. పోనీ ఆ ఉత్తరం నేరుగా ఇంటికి చేరేదా అంటే అదీ లేదు, సైన్యంలోనే ఒక ఆఫీసు వాటిని విప్పి చదివేది. అది తెలిసి ఒకతను నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అన్న అర్థంలో రాశాడు. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్లవాళ్లు, యుద్ధంలో ఎవరెంతమంది మిగిలారో వంటింటి భాషలో చెప్పాడన్నమాట. ఇంకొకతను, గాయపడి పడుకున్నవాడు, 1915 జనవరిలో, ఇది యుద్ధం కాదు, లోకం అంతమైపోవడం అని రాశాడు, మన పెద్దలు చెప్పిన మహాభారత యుద్ధం లాంటిదని కూడా అన్నాడు.

ఆశ్చర్యం ఏమిటంటే ఆ అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి. కనిపెట్టడానికి కూర్చున్న ఆఫీసువాళ్లు ఇంగ్లీషులోకి మార్చి దాచుకున్న భాగాలే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇవాళ మనకి మిగిలాయి. అంటే సైనికుడు చెప్పాడు, ఇంకొకరు రాశారు, మరొకరు భాష మార్చారు. అన్ని చేతులు మారినా 'లోకం అంతమైపోవడం' అన్న మాటలో ఆ మనిషి గొంతు పోలేదు. అదెలా సాధ్యమో నేను మీకు చెప్పలేను. చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది, అంతే.

రాజుల్లో కూడా అలా దొరికినవాడు ఒకడున్నాడు. మార్కస్ అరేలియస్ అని రోమ్ చక్రవర్తి, క్రీ.శ. 180లో పోయాడు. పోలియన్ కొలువు చేసిన ఆ డాన్యూబ్ నది వైపే ఏళ్ల తరబడి యుద్ధాల్లో ఉన్నాడు. ఎవరికీ చూపించడానికి కాకుండా తనకి తాను చెప్పుకుంటూ కొన్ని రాసుకున్నాడు. అందులో ఒకచోట, పొద్దున లేవబుద్ధి కానప్పుడు, మనిషి చేయాల్సిన పని కోసమే లేస్తున్నానని అనుకో, దుప్పట్లో వెచ్చగా పడుకోవడానికేనా పుట్టావు అని తనని తనే కోప్పడతాడు. చిన్నోడూ, బడి టైముకి నిన్ను లేపడానికి మీ అమ్మ అనే మాటే చక్రవర్తి తనకి తను అనుకున్నాడు.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఒక పని. బుజ్జీ, ఆ అశోకుడి పుస్తకం తీసి, పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, రాజు మనసులో అనుకున్నాడు, ఆయన కళ్లు చెమర్చాయి, ఆ రాత్రి, ఇలాంటి మాటలున్న చోటల్లా పక్కన చిన్న గీత పెట్టు. తప్పు పట్టడానికి కాదు, దారం ఎక్కడుందో తెలియడానికి. కుట్టు చక్కగా ఉంటే అదీ మెచ్చుకో.

ఆ తర్వాత నానమ్మ బీరువాలో కింది అరలో ఎర్ర గుడ్డలో కట్టిన ఉత్తరాల మూట ఉంది, అడిగి తీసుకోండి. నేను ఉద్యోగానికి దూరంగా ఉన్నప్పుడు రాసినవి అవి. ఒకరు పైకి చదవండి, ఇంకొకరు కళ్లు మూసుకుని వినండి. ఒకటి రెండు చోట్ల నేను బాగానే ఉన్నానని రాశాను. అక్కడ చదివేవాళ్ల గొంతు మారిందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య