నడవని మనిషికి తుంటి ఎలా విరిగింది?

“మా పిన్నికి మల్టిపుల్ స్క్లీరోసిస్. వీల్‌చైర్లోనే ఉంటుంది. నడవని మనిషికి తుంటి ఎలా విరిగిందండీ?” అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ పిన్ని ఉండేది నర్సింగ్ హోమ్‌లో. మనం ఆ పేరుతో పిలిచే చిన్న ఆసుపత్రి కాదు, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని చూసే చోటు.

ఈ జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీది మైలిన్ తొడుగును పాడుచేస్తుంది. కాళ్లకు ఆజ్ఞలు సరిగా అందవు. అంతవరకు చాలు, నన్ను కట్టిపడేసేది ఎముక.

ఎముకను ఇటుకలా ఊహించుకోకండి, నీళ్లు పీల్చిన స్పాంజి అనుకోండి. లోపలంతా సన్నని కాలువలు, వాటిలో ద్రవం, అందులోకి చేతులు చాచుకున్న ఆస్టియోసైట్లు. పెద్దవాళ్ల ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. అడుగు వేస్తే ఎముక కంటికి ఆననంత వంగుతుంది, ద్రవం పక్కకు పారుతుంది. ఆ ఒరిపిడి తగలగానే ఈ కణాలు స్క్లీరోస్టిన్ తయారీ తగ్గిస్తాయి. ఎముక కట్టే కణాలకు ఆ ప్రోటీనే బ్రేకు. అడుగులు ఆగితే బ్రేకు బిగుస్తుంది. పైగా ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులను పురిగొల్పే రాంక్‌ఎల్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. (స్క్లీరోసిస్, స్క్లీరోస్టిన్ రెండింటికీ మూలం ‘గట్టి’ అనే గ్రీకు మాటే. గట్టి మచ్చలేమో మెదడులో, వెన్నుపాములో, పెళుసుదనం ఎముకలో!)

స్పాంజిని నొక్కి అలాగే పట్టుకుంటే? ద్రవం ఒకసారి కదిలి ఆగిపోతుంది. కూర్చోవడం అలాంటిదే. 1984లో రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు కోడిపుంజుల రెక్క ఎముకకు మామూలు వాడకం లేకుండా చేసి, రోజుకు 4 సార్లు మాత్రం బరువు వేసి తీశారు. ఎముక తరగలేదు. 36 సార్లకు పెరిగింది. 1800 సార్లు వేసినా అంతకు మించి పెరగలేదు! బరువును కదపకుండా ఉంచితే మాత్రం లేనట్టే లెక్క. భారం లేని వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక పోతుంది. బడిలో మనం ఎముకంటే కాల్షియం అని చెప్పి ఊరుకుంటాం, ఈ కాలువల కథ ఎవరూ చెప్పరు.

జబ్బు సాధారణంగా 20-40 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి ఈ తరుగుదలకు దశాబ్దాల గడువు దొరుకుతుంది. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడితే అదొక దెబ్బ.

ఇక పడటం. ఇలాంటి కేంద్రాల్లో పూర్తిగా మంచం పట్టినవాళ్లకంటే తమంతట తాము లేవగలిగేవాళ్లకే తుంటి విరిగే ముప్పు ఎక్కువ. మూత్రం ఆగకపోవడం ఈ జబ్బులో మామూలే. అర్ధరాత్రి తొందర, బ్రేకు వేయని వీల్‌చైర్, పైకి లేవక నేలకు రాసుకునే పాదం, చెయ్యి అడ్డుపెట్టేలోపే పక్కకు పడిపోవడం. దీన్ని గ్రహచారం అనేవాళ్లకు ఆ వీల్‌చైర్ బ్రేకు చూపించాలి. ఎముక మరీ పలచబడితే పడనక్కర్లేదు కూడా. మంచం మీదికి మార్చేటప్పుడు కాలు మెలిపడినా చాలు.

అయితే లేవనివ్వకపోతే సరా? స్పాంజిలో ద్రవం నిలిచిపోతుంది. అందుకే వీలైనవాళ్లను ఫిజియోథెరపిస్టు ఊతమిచ్చి నిలబెట్టి, బరువును ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్పిస్తారు.