సైకిలు మీద మనకున్న నమ్మకాలు: అపోహలు - వాస్తవాలు

సైకిళ్లు బాగుచేయడం నా పని. రిపేరుకు వచ్చే ప్రతి సైకిలుతో పాటు ఒక నమ్మకం కూడా వస్తుంది. గాలి రాయిలా కొట్టమంటారు. చైను నిండా నూనె పోయమంటారు. పిల్లాడు ఎదుగుతున్నాడు కాబట్టి రెండేళ్లు ఆగి సరిపోయే సైజు చెప్పమంటారు. చిన్నప్పుడు వీటిలో చాలావాటిని నేనూ నమ్మాను. పానా పట్టి, విప్పి, అరిగిన భాగాలు చేతిలోకి తీసుకుని చూశాకే అసలు సంగతి అర్థమైంది. మనం డబ్బు పెట్టేది కంటికి కనిపించే హంగుల మీద. సైకిలు తేలిగ్గా నడుస్తుందా లేదా అన్నది మాత్రం సీటు ఎత్తు, గాలి, చైను, బ్రేకు రబ్బర్లు తేలుస్తాయి.

అపోహ: సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి

"మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, గేర్ల సైకిలు కొనాలేమో" అని అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త సైకిలు కాదు. సీటు నాలుగు వేళ్లు పైకి లేపితే చాలు. పాదాలు పూర్తిగా నేలకు ఆనేంత కిందకు సీటు దించితే, పెడలు అడుగుకు చేరినా మోకాలు బాగా వంగే ఉంటుంది. నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు 3,600 సార్లు. అన్నిసార్లూ వంగిన మోకాలి మీదే ఒత్తిడి పడుతుంది.

ఎత్తు సరిచూసుకోవడం సులభం. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడలును పూర్తిగా కిందకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగుతుంది, అంతే వంపు కావాలి. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తు లేచినట్టు. సీటు పైపు మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి మాత్రం లాగకూడదు. పైపు విరిగి మనిషి పడిపోయే ప్రమాదం ఉంది.

మరి ఆగడం ఎలా? సీటు మీద కూర్చుని ఆగకూడదు. ముందుకు జరిగి, సీటు దిగి, ఒక కాలు నేల మీద పెట్టాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, పడితే దెబ్బ తట్టుకోలేని పెద్దవాళ్లకు మాత్రం సీటు కిందకే ఉండాలి, వాళ్లకు భయం లేకపోవడం ముఖ్యం.

అపోహ: పక్క చక్రాలు పెడితే పిల్లలకు బ్యాలెన్సు త్వరగా వస్తుంది

నేను నేర్చుకున్నది నాన్న సైకిలు మీద. దాని సీటు నా భుజాల ఎత్తు ఉండేది. ఎడమ చేత్తో హ్యాండిలు పట్టుకుని, కుడి చంకలో సీటు ఇరికించుకుని, అడ్డకమ్మీ కింద నుంచి కుడికాలు అవతలికి దూర్చి తొక్కేవాణ్ని. పెడలు పూర్తిగా తిరిగేది కాదు, సగం కిందకు తొక్కడం, మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం. నేను ఒకవైపు వాలితే సైకిలు రెండో వైపు వాలేది. అయినా పడకుండా ముందుకు వెళ్లేది. అది ఎలా సాధ్యమో అప్పుడు తెలియదు, తెలిసాక ఆ ఆనందం ఇంకా పెరిగింది.

సైకిలు పడబోయిన వైపుకే హ్యాండిలు కొద్దిగా తిప్పుతాం. అప్పుడు చక్రాలు మన బరువు కిందకు వచ్చి నిలబెడతాయి. ఇది ఒంటికి తెలియాల్సిన విద్య, మాటలతో వచ్చేది కాదు. తిరిగే చక్రాల వల్లే సైకిలు నిలబడుతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ ప్రభావం కొంత సాయం చేసే మాట నిజమే కానీ అదే అసలు కారణం కాదు. 2011లో కొందరు పరిశోధకులు ఆ ప్రభావం లేకుండా చేసిన ఒక చిన్న రెండు చక్రాల బండిని తోసి చూపించారు, అది మనిషి లేకుండానే పడకుండా వెళ్లింది.

పక్క చక్రాలు ఉంటే సైకిలు వాలదు. వాలని సైకిలు మీద ఈ విద్య ఎలా వస్తుంది? పిల్లలు మూడు చక్రాల బండిలా హ్యాండిలు తిప్పడం అలవాటు చేసుకుంటారు. పక్క చక్రాలు తీసిన రోజు ఆ అలవాటు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. దానికి బదులు పెడళ్లు విప్పేయండి. రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించండి. పాప కాళ్లతో తోసుకుంటూ నడిచి, మెల్లగా కాళ్లు ఎత్తి జారుకుంటూ పోవడం మొదలుపెడుతుంది. అలా కొంత దూరం కాళ్లు ఎత్తి వెళ్లగలిగిన రోజున పెడళ్లు మళ్లీ బిగించండి. సైకిలు పుట్టుక కూడా ఈ వరుసలోనే సాగింది. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లాడు. పెడళ్లు వచ్చింది 1860లలో.

పెడళ్లు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది. మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. గుర్తు పెట్టుకోవడానికి తేలిక పద్ధతి: పానాను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తోస్తే రెండు పెడళ్లూ ఊడతాయి. తిరిగి బిగించే ముందు మరకు కాస్త గ్రీజు రాయండి, వేళ్లతోనే కొన్ని చుట్లు తిప్పండి. వేళ్లకు లొంగకపోతే మర వంకరగా ఎక్కుతోందని అర్థం. బలవంతం చేస్తే క్రాంకు, అంటే పెడలు బిగించే కమ్మీ, మొత్తం మార్చాల్సి వస్తుంది.

అపోహ: పిల్లలు ఎదుగుతారు, పెద్ద సైకిలే కొనాలి

పెద్ద సైకిలు మీద నేర్చుకున్నవాణ్నే కాబట్టి ఇది చెప్పే హక్కు నాకుంది. నేర్చుకోవచ్చు, కానీ పడిన దెబ్బలన్నీ ఆ సైజు వల్లే. సైజు చూసేటప్పుడు అందరూ కాళ్లు అందుతున్నాయా అనే చూస్తారు. నేను మొదట వేళ్లు చూస్తాను. బ్రేకు పిడి పాప వేళ్లకు అందాలి, ఆ చిన్న చేతి బలానికి అది నొక్కుకోవాలి. నొక్కలేని బ్రేకు ఉన్నా లేనట్టే. చాలా పిడుల మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే పిడి హ్యాండిలుకు దగ్గరగా వస్తుంది.

రెండోది బరువు. 20 కిలోల పిల్లకు 12 కిలోల సైకిలు ఇస్తే అది ఆ పిల్ల బరువులో 60 శాతం. 70 కిలోల పెద్దమనిషికి 42 కిలోల సైకిలు ఇచ్చినట్టు. ముందు వెనకా స్ప్రింగులున్న సైకిలు చూడ్డానికి గొప్పగా ఉంటుంది, పిల్లలు దాన్నే అడుగుతారు. కానీ చవక సస్పెన్షన్ బరువు పెంచుతుంది, తొక్కిన శక్తిలో కొంత ఆ స్ప్రింగులే తినేస్తాయి. ఇల్లు, బడి, రోడ్డు వరకే అయితే అవి లేని సైకిలే పిల్లలకు మేలు.

అపోహ: 21 గేర్లున్న సైకిలు 7 గేర్లున్న దానికి మూడింతలు మెరుగు

లెక్క వేసి చూద్దాం. ముందు 48, 38, 28 పళ్ల చైన్‌వీళ్లు, వెనక 14 నుంచి 28 పళ్ల వరకు ఏడు పళ్లచక్రాలు ఉన్నాయనుకోండి. ముందు 48, వెనక 28 వేస్తే పెడలు ఒక చుట్టుకు వెనక చక్రం 1.71 చుట్లు తిరుగుతుంది. ముందు 38, వెనక 22 వేస్తే 1.73. ముందు 28, వెనక 16 వేస్తే 1.75. మూడూ దాదాపు ఒకటే గేరు! ఇలా ఒకదాని మీద ఒకటి పడేవి తీసేస్తే మిగిలేవి 21కి చాలా తక్కువ. చూడాల్సింది గేర్ల సంఖ్య కాదు, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలిక అన్నది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆదుకునేది అదే.

అపోహ: చైను తెగేదాకా వాడుకోవచ్చు, నూనె ఎంత పోస్తే అంత మంచిది

బడికి వెళ్లే రోజుల్లో నా పాంటు కుడి అంచు మీద ఎప్పుడూ ఒక నల్లటి మరక ఉండేది. అది చైను మీది నూనె, దుమ్ము కలిసిన ముద్ద. ఆ ముద్దే చైనును అరగదీస్తుంది, గరుకు కాగితంలా.

నూనె అవసరం చైను పైన కాదు, లోపల పిన్నుకీ రోలరుకీ మధ్య. ముందు గుడ్డతో చైను శుభ్రంగా తుడవాలి. ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, పెడలు వెనక్కి కొన్ని చుట్లు తిప్పి, కాసేపు ఆగి, పైన మిగిలిన నూనె అంతా తుడిచేయాలి. చాలామంది ఈ ఆఖరి తుడుపే వదిలేస్తారు. ఇంట్లో తుప్పుకు కొట్టే డబ్ల్యూడీ-40 డబ్బా చైను మీద కొట్టి సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మామూలు డబ్బాలోది నీటిని తరిమేయడానికి తయారైన ద్రవం. పాత నూనెను కరిగించి తీసేస్తుంది, ఎక్కువ కాలం నిలవదు. దానితో శుభ్రం చేయండి, ఆరాక చైను నూనె వేయండి.

ఇక చైను సాగడం. నిజానికి ఇనుము సాగదు, పిన్నులు అరిగి ప్రతి లింకు దగ్గరా రవ్వంత సందు ఏర్పడుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. కాబట్టి 24 లింకులు కచ్చితంగా 12 అంగుళాలు ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే 12 అంగుళాల గీత మరో పిన్ను మధ్యలో పడాలి. అంగుళంలో 16వ వంతు దాటి జరిగిందంటే చైను మార్చే సమయం. 8వ వంతు జరిగిందంటే ఆలస్యమైంది, వెనక పళ్లు కూడా ఆ చైనుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా పళ్లు దాటేస్తుంది. "కొత్త చైను వేశాకే పాడైంది" అని తిరిగి వచ్చే సైకిళ్ల కథ ఇదే. చైను ఒక్కటే సకాలంలో మారిస్తే ఫ్రీవీలు, అంటే వెనక పళ్లచక్రాల గుత్తి, బతుకుతుంది.

అపోహ: టైరు రాయిలా ఉంటేనే తేలిగ్గా వెళ్తుంది

అద్దంలాంటి నున్నటి నేల మీద కొంతవరకు నిజం. మనం తొక్కే రోడ్లు అలా ఉండవు. గాలి మరీ ఎక్కువైతే ప్రతి చిన్న రాయికీ సైకిలు, మనిషి కలిసి పైకి ఎగురుతారు, ముందుకు పోవాల్సిన శక్తి అందులో పోతుంది. పందేల్లో తొక్కేవాళ్లు కూడా 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు వదిలి 25కి, 28కి, ఆ పైకి వచ్చారు, గాలీ తగ్గించారు. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె దాటకూడని హద్దు, కొట్టాల్సిన గాలి కాదు. వెనక చక్రం మీద బరువు ఎక్కువ కాబట్టి ముందు చక్రానికి కాస్త తక్కువ కొట్టొచ్చు.

అపోహ: ప్యాచ్ వేసిన ట్యూబు ఎక్కువ రోజులు ఉండదు

సరిగా వేసిన ప్యాచ్ ట్యూబు ఉన్నంతకాలం ఉంటుంది. ఊడిపోయేది తొందర పడినప్పుడు. రంధ్రం చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, అది తడి పోయి ఆరేదాకా ఆగాలి. తడిగా ఉన్నప్పుడే అంటించేయడం పెద్ద తప్పు. చిన్నప్పుడు నీళ్ల బకెట్టులో ట్యూబు ముంచి బుడగల కోసం వెతకడం నాకు ఎంత ఇష్టమో, ఆ సొల్యూషన్ ఆరేదాకా ఆగడం అంత కష్టం.

రంధ్రాన్ని చదవడం నేర్చుకోండి, అది కారణం చెబుతుంది. బయటి వైపు ఒకే చిల్లు ఉంటే ముల్లో గాజుపెంకో. అది టైరులోనే ఉండొచ్చు, లోపలంతా వేళ్లతో నెమ్మదిగా తడమాలి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగినట్టు. చిల్లు లోపలి వైపు, రిమ్ముకు ఆనే చోట ఉంటే పుల్లల రంధ్రాలను కప్పే పట్టీ జరిగిపోయింది. ఆ పట్టీ సరిచేయకుండా ఎన్ని ట్యూబులు మార్చినా లాభం లేదు.

అపోహ: ముందు బ్రేకు పడితే పల్టీ కొడతాం

వేగం తగ్గేటప్పుడు బరువు ముందుకు వచ్చేస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అప్పుడు వెనక బ్రేకు ఎంత నొక్కినా చక్రం జారుతుంది తప్ప బండి త్వరగా ఆగదు. ఆపే బలం ముందు బ్రేకులోనే ఉంది. ఒక్కసారిగా గుంజకుండా క్రమంగా నొక్కుతూ, చేతులు బిగించి, ఒంటిని వెనక్కి జరపాలి. ఇసుక మీద, తడి మలుపులో మాత్రం ముందు బ్రేకు జాగ్రత్త.

అపోహ: అప్‌గ్రేడ్ అంటే బరువు తగ్గించడం

మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుంటే ఒక కిలో తగ్గించడం అంటే 1.25 శాతం. ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త తెలుస్తుంది, చదును రోడ్డు మీద దాదాపు తెలియదు. అక్కడ అడ్డం పడేది గాలి. నన్ను అడిగితే ముందు మంచి టైర్లు, తర్వాత బ్రేకు రబ్బర్లు, ఆ తర్వాత కొత్త బ్రేకు వైర్లు. గట్టిపడి మెరిసే రబ్బర్లు, తుప్పు పట్టిన వైర్లు ఉన్న సైకిలుకు ఈ మూడూ మారిస్తే అదే సైకిలని నమ్మలేరు.

టైరు కొనేటప్పుడు అంగుళాల అంకెను నమ్మొద్దు. అసలు కొలత టైరు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. 26 అంగుళాలు అనే పేరుతో 559 ఉంది, 590 కూడా ఉంది. 28 అంగుళాలు అంటే 622 కావచ్చు, పాత పెద్ద సైకిళ్ల 635 కావచ్చు. ఒకదానికొకటి పట్టవు. పాత టైరు పక్కన 40-635 లాంటి అంకెలుంటాయి, అందులో చివరి మూడు అంకెలు కలవాలి. నాన్న సైకిలుకు టైరు వెతికినప్పుడు ఆ 635 తెలియక రెండుసార్లు తప్పు టైరు తెచ్చుకున్నాను.

అపోహ: పాత సైకిలు కొనడమంటే ఇబ్బంది కొని తెచ్చుకోవడమే

చూడటం వస్తే కాదు. తుప్పు పట్టిన చైను, పగిలిన టైర్లు, చిరిగిన సీటు చూసి భయపడకండి, అవి మారేవి. చూడాల్సింది ఫ్రేము. హ్యాండిలు కింద, ఏటవాలు కమ్మీ కలిసే చోట వేలితో తడమండి. ఉబ్బు తగిలినా, పెయింటు ముడతలు పడి కనిపించినా ఆ సైకిలు ఎక్కడో గట్టిగా గుద్దుకుంది, వదిలేయండి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిలు మెల్లగా తిప్పండి, మధ్యలో పట్టినట్టు ఆగితే లోపలి బాల్సు, కప్పులు పోయాయి. క్రాంకు పట్టుకుని పక్కకు ఊపి చూడండి. చక్రాలు తిప్పి, రిమ్ము బ్రేకు రబ్బరుకు ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఊగుతోందో గమనించండి. పుల్లలు రెండేసి కలిపి పిండితే అన్నీ ఒకేలా బిగువుగా ఉండాలి.

చివరగా కాస్త దూరం తొక్కి, హ్యాండిలును వేళ్లతో తేలిగ్గా పట్టుకోండి. ఒక పక్కకే లాగుతుంటే ఫ్రేమో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కో వంకర తిరిగినట్టు. తొక్కి చూడనివ్వని సైకిలు మాత్రం ఎంత తక్కువకు ఇస్తానన్నా కొనకండి.