యాభై రూపాయల జరిమానా వెనక కథ

వీధికుక్కను కర్రతో బాది కాలు విరగ్గొట్టినా, ఎద్దు మోయలేనంత బరువు బండికెత్తి వాతలు తేలేలా కొట్టినా, ఆవును మేతా నీళ్లూ లేకుండా రోజుల తరబడి కట్టేసినా జంతుహింస నిరోధక చట్టం కింద మొదటిసారి పడే శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఏదో ఒక ఘోరం వీడియోలో బయటికొచ్చిన ప్రతిసారీ జనం ఇది చూసి మండిపడతారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఈ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే, మార్చాల్సింది ఒక్క అంకెనే కాదని అర్థమవుతుంది.

పశువుల మీద క్రూరత్వాన్ని శిక్షించే చట్టాన్ని బ్రిటన్ పార్లమెంటు 1822లో చేసింది. రిచర్డ్ మార్టిన్ అనే సభ్యుడు పట్టుబట్టి తెచ్చిన ఆ చట్టం గుర్రాలకూ పశువులకూ గొర్రెలకూ వర్తించింది, కుక్కలకు కాదు. ఆ ఒరవడిలోనే 1861లో కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ మన దేశంలో మొదటి జంతుహింస నివారణ సంఘాన్ని పెట్టాడు. 1890లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ప్రత్యేక చట్టం చేసింది.

ఆ రోజుల్లో పట్టుబడింది ఎక్కువగా బండి తోలేవాళ్లే. వీధిలో కనిపించేది వాళ్లే కదా. 1930 ఏప్రిల్‌లో కలకత్తా బండివాళ్లు సమ్మెకు దిగారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దున్నపోతుల బండ్లు తోలకూడదన్న నిబంధన వాళ్లకు కడుపుమంట అయింది. బండ్లను రోడ్డుకడ్డంగా నిలిపేశారు. పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు దున్నపోతుకు విశ్రాంతి ఇవ్వాలనడంలో తప్పేమీ లేదు. కానీ ఆ గంటల కూలి నష్టం బండివాడి మీద పడింది, సరుకు సొంతదారు మీద పడలేదు. శిక్ష ఎవరికి తగలాలి అన్న ప్రశ్న ఆనాడే మొదలైంది, ఇంకా తీరలేదు.

ఇంకో దారిలో 1860 నాటి ఐపీసీ ఉంది. అందులో 428, 429 సెక్షన్లు జంతువును చంపడం, వికలాంగం చేయడం గురించి చెప్పాయి. మొదటిది 10 రూపాయలు, ఆపైన విలువ చేసే జంతువు గురించి. రెండోది ఏనుగు, ఒంటె, గుర్రం, గేదె, ఆవు లాంటివాటి గురించి, లేదా 50 రూపాయలు, ఆపైన విలువ చేసే ఏ జంతువు గురించైనా. శిక్ష ఐదేళ్ల దాకా ఉంది. అంటే అక్కడ నష్టపోయింది యజమాని. దెబ్బ తిన్న ప్రాణి అతని ఆస్తి. యజమానే లేని వీధికుక్కకు ధర ఎవరు కడతారు?

ఈ ఆలోచనను కొంత మార్చింది రుక్మిణీదేవి అరుండేల్. కళాక్షేత్ర వ్యవస్థాపకురాలిగానే మనలో చాలామందికి తెలిసిన ఆమె 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1953లో జంతుహింస మీద ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే బిల్లు తెస్తుందని నెహ్రూ మాట ఇస్తే వెనక్కి తీసుకున్నారు. కమిటీ వేసి, చర్చించి, చివరికి 1960లో ఇప్పటి జంతుహింస నిరోధక చట్టం చేశారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. జంతువుకు అనవసరమైన నొప్పి, బాధ కలిగించడమే నేరమని, సాకేవాడికి బాధ్యత ఉందని ఈ చట్టం చెప్పింది. అది పెద్ద అడుగు.

శిక్షల దగ్గర మాత్రం చెయ్యి వణికింది. ఒక్క ఫూకాకు గట్టి శిక్ష పెట్టారు: 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పాలు ఎక్కువ రాబట్టడానికి ఆవు, గేదె జననాంగంలోకి గాలి ఊదే పద్ధతి అది. దాని గురించి విన్నాకే గాంధీ పాలు మానేశారు. మిగతావి దాదాపు అన్నీ 50 రూపాయల గాటన కట్టేశారు. ఊరూరా ఎడ్లబండ్లున్న రోజుల్లో రైతునూ బండివాడినీ జైల్లో వేయడానికి మనసొప్పక అలా చేశారేమో అనిపిస్తుంది. అప్పట్లో వాళ్లకు 50 రూపాయలు చిన్న మొత్తం కాదు కూడా. 1982లో చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఆ 50 దాటకపోవడాన్ని మాత్రం ఎలా సమర్థించాలో నాకు తెలియదు.

జల్లికట్టు కేసులో 2014 మే 7న సుప్రీంకోర్టు ఈ శిక్షలు సరిపోవని, చట్టాన్ని సవరించాలని చెప్పింది. 2016లో డెహ్రాడూన్‌లో శక్తిమాన్ అనే పోలీసు గుర్రం కాలు పోయి చనిపోయింది. చెన్నైలో ఒక వైద్య విద్యార్థి కుక్కను మేడ మీంచి విసిరాడు. హైదరాబాద్ ముషీరాబాద్‌లో కుర్రాళ్లు కుక్కపిల్లలను సజీవంగా తగలబెట్టారు. జరిమానా పెంచాలన్న ఉద్యమం ఊపందుకుంది ఆ ఏడాదే.

జరిమానా పెంచాల్సిందే. కానీ అంతకంటే గట్టి ముడి ఇంకోటుంది. ఈ చట్టంలో చాలా నేరాలకు పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. క్రూరంగా చంపడం, వికలాంగం చేయడం, పందేలు నిర్వహించడం, ఫూకా లాంటి కొన్నిటికే మినహాయింపు. పైగా నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు వేయాలి. పందేలకు ఆ మినహాయింపు ఉండి కూడా ఏం జరుగుతోందో గోదావరి జిల్లాల్లో ఏటా సంక్రాంతికి చూస్తున్నాం. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో కోడిపందేలు ఆపమని ఆదేశించింది. అయినా బరులు లేస్తాయి, పుంజు కాలికి కత్తి కడతారు, నాయకులే వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. శిక్ష ఎంత పెద్దదైనా అది తన దాకా రాదని తెలిసినవాడు ఎందుకు భయపడతాడు?

2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట ఇరవై దాకా వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. తర్వాత అరెస్టులు జరిగాయి. జంతుహింస చట్టం ఒక్కటే సరిపోదు కాబట్టి ఇలాంటి కేసుల్లో పోలీసులు ఐపీసీ సెక్షన్లు కూడా కలిపేవారు. అదే ఏడాది జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 325వ సెక్షన్ జంతువు ధర ప్రస్తావన తీసేసి, దేన్ని చంపినా ఐదేళ్ల దాకా శిక్ష అంది. మంచి మార్పే. ఆస్తినష్టం నేరాల మధ్యే దాన్ని ఉంచారు గానీ. ఇంకో పక్క పాత 377వ సెక్షన్ పూర్తిగా పోవడంతో జంతువులపై లైంగిక దాడిని పేరు పెట్టి శిక్షించే నిబంధన కొత్త సంహితలో లేకుండా పోయింది. కేంద్రం 2022 నవంబరులో జనాభిప్రాయానికి పెట్టిన సవరణ ముసాయిదాలో ఆ నేరం ఉంది. ఘోరమైన హింసకు కనీసం 50 వేల జరిమానా, ఏడాది నుంచి మూడేళ్ల జైలు కూడా అందులోనే ప్రతిపాదించారు. ఆ ముసాయిదాను పార్లమెంటులో పెట్టి చట్టం చేయాలి.