కంట్రోల్ ఎఫ్ ఉండగా ఇంకోటెందుకు?

చిరంజీవులకు,

కడప నుంచి మీ జేజినాయన దీవెనలు.

ఫైల్లో వెతకడానికి కంట్రోల్ ఎఫ్ ఉంది కదా, బేస్‌ఎక్స్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఎందుకు అని మొన్న ఫోన్లో అడిగారు. మంచి ప్రశ్న. నింపాదిగా రాస్తున్నా.

మన జిల్లా శాసనాల వివరాలన్నీ ఒకే ఫైల్లోకి ఎక్కించామనుకోండి. మీకు రాజుల పేర్లు కావాలి. ‘రాజు’ అని వెతికితే రాజుపాళెం కూడా వచ్చి కూర్చుంటుంది, శ్రీకృష్ణదేవరాయలు మాత్రం రాడు. కంప్యూటరుకు అక్షరాలు తెలుసు గానీ, ఏది ఊరో, ఎవరు రాజో తెలియదు. ఆ తేడాను ఫైల్లోనే రాసిపెట్టే పద్ధతి ఎక్స్‌ఎమ్‌ఎల్. 1998లో ఖరారైంది. ప్రతి వివరానికీ అటూ ఇటూ పెట్టే గుర్తుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, చూడండి:

<శాసనం>
<ఊరు>కలమళ్ళ</ఊరు>
<రాజు>ఎరికల్ ముత్తురాజు</రాజు>
<శతాబ్దం>6</శతాబ్దం>
</శాసనం>

మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ముందుగా చెప్పుకునేది ఈ ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళ శాసనమే. ఇలా అన్నీ రాసుకున్నాక బేస్‌ఎక్స్‌ను ఇలా అడుగుతాం:

//శాసనం[రాజు = 'ఎరికల్ ముత్తురాజు']/ఊరు

ముందున్న రెండు గీతలకు ‘ఫైల్లో ఎక్కడున్నా సరే’ అని అర్థం. బ్రాకెట్లో ఉన్నది షరతు. చివర ఉన్నది మనకు కావలసింది. కలమళ్ళ, ఎర్రగుడిపాడు అని జవాబొస్తుంది, ఎర్రగుడిపాడులోనూ ఆ రాజు శాసనం ఉంది కాబట్టి. రాజుపాళెం దరిదాపుల్లోకి రాదు. ఇలా అడిగే తీరును ఎక్స్‌పాత్ అంటారు, 1999 నాటిది. లెక్కలు వేయాలన్నా, రెండు ఫైళ్లు కలిపి చూడాలన్నా దానికి అన్నలాంటి ఎక్స్‌క్వెరీ ఉంది. బేస్‌ఎక్స్‌కు రెండూ వచ్చు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. అది ఊహించి చెప్పదు. ఒకరు ‘ముత్తురాజు’ అని, ఇంకొకరు ‘ముతురాజు’ అని కొడితే దాని లెక్కలో ఇద్దరూ వేరు. టైపు చేసేవాళ్లు ముందే ఒక మాట అనుకోవాలి.

బేస్‌ఎక్స్ జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, కానీ నాకు నచ్చింది అదొక్కటే కాదు. దాని సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాం రాసిన అసలు పాఠం, ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. మన బ్రౌన్ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, ఊరూరి చరిత్ర చెప్పే కైఫీయతులున్నాయి. అలాంటివి కంప్యూటరుకెక్కిస్తే వందేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే తెరుచుకునే ఫైల్లో పెడితే, ఆ కంపెనీ మూతపడిన రోజు మన ఊళ్ల చరిత్రకు తాళం పడుతుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఉత్త అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో కూడా చదువుకోవచ్చు. అడిగే సాధనమూ అలాగే అందరిదై ఉండాలని నా పట్టుదల.

సెలవులకు వచ్చేలోపు ఒక పని చేయండి. మీ స్కూలు ప్రాజెక్టు వర్డ్ ఫైలుకు కాపీ తీసి, పేరు చివర చుక్క తర్వాత ఉన్న డాక్స్ (docx) తీసేసి జిప్ (zip) అని పెట్టి తెరవండి. లోపల వర్డ్ అనే ఫోల్డర్లో డాక్యుమెంట్ అనే ఫైలుంటుంది. అదంతా ఎక్స్‌ఎమ్‌ఎల్లే! బేస్‌ఎక్స్‌కు జావా కావాలి, ముందు అది ఎక్కించుకోండి. తర్వాత ఆ ఫైల్లో ఎన్ని పేరాలున్నాయో అడిగి చూడండి. గుర్తుల పేర్ల ముందు డబ్ల్యూ, కోలన్ కనబడి చిక్కు పెడతాయి. టెన్షన్ పడకుండా నాకు ఫోన్ చేయండి, ఆ ముడి ఎలా విప్పాలో చెబుతాను.

మీ జేజినాయన