లేడీస్మిత్ రోడ్డు ఎవరిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

లండన్‌లో మీ వీధికి లేడీస్మిత్ రోడ్డని ఎందుకు పెట్టారు, ఆవిడ అక్కడే ఉండేదా అని అడిగారు. లేదర్రా. లేడీస్మిత్ దక్షిణాఫ్రికాలో, నేటాల్‌లో ఓ ఊరు. కేప్ కాలనీ గవర్నరు హ్యారీ స్మిత్ భార్య హువానాను లేడీ స్మిత్ అనేవారు, ఆ పేరే పెట్టారు దానికి. 1899 నవంబరులో బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లు, బ్రిటిష్‌వాళ్లతో యుద్ధంలో ఆ ఊరిని చుట్టుముట్టారు. లోపలున్న బ్రిటిష్ సైన్యం 118 రోజులు తిండికి కటకటలాడింది. 1900 ఫిబ్రవరి 28న ముట్టడి వీడిందని తెలిసి ఇంగ్లండంతా వీధుల్లోకొచ్చి గంతులేసింది.

ఆ రోజుల్లోనే ఊళ్ల చివర పొలాలు ఇళ్ల స్థలాలవుతున్నాయి. స్థలం యజమానో బిల్డరో పేరు రాసిస్తే కౌన్సిలు సరేననేది. మన దగ్గర పిల్లలకు లెనిన్, స్టాలిన్ అని పెట్టుకోలేదూ? ఆ పిల్లాడు రష్యా మొహం చూసి ఎరగడు. వాడు పుట్టినప్పుడు ఇంట్లో ఏ కబురు మోగుతోందో అదే వాడి పేరు. అన్న లెనిన్ అయితే తమ్ముడు స్టాలినే అవుతాడు. వీధులూ అంతే. 1854లో క్రిమియా యుద్ధంలో మూడు పోరాటాలు: సెప్టెంబరు 20న ఆల్మా, అక్టోబరు 25న బాలక్లావా, నవంబరు 5న ఇంకర్‌మన్. ఆ మూడూ మెల్‌బోర్న్ సెయింట్ కిల్డాలో వీధులై కూర్చున్నాయి. ఒకే తరగతిలో నలుగురు స్టాలిన్లుంటే మేష్టారికి తిప్పలే కదా! లండన్‌లో ఒకే పేరు వీధులు ఎక్కువైపోయి, మెట్రోపాలిటన్ బోర్డు, తర్వాత కౌంటీ కౌన్సిలు చాలావాటికి పేర్లు మార్చాల్సి వచ్చింది.

ఆ నేటాల్‌కు మద్రాసు రేవు నుంచి కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. బోయర్ యుద్ధంలో గాంధీగారు సుమారు 1,100 మంది భారతీయులను కూడగట్టి, స్పయన్ కాప్ కొండ దగ్గర గాయపడ్డవాళ్లను మోయించారు. ఆ కాప్ పేరే లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ మైదానంలో ఒక గ్యాలరీకి వచ్చింది.

పేరు చూసి వీధి వయసు తేల్చేయకండి. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకు కూడా అదే పేరు పెట్టి ఉండొచ్చు. ముందు పక్క వీధులు చూడండి: ఆ యుద్ధంలోని ఊళ్లు మాఫెకింగ్, కింబర్లీ, ప్రిటోరియా, బ్రిటిష్ సేనాని రెడ్వర్స్ పేర్లు ఉంటే అవన్నీ ఒక చేతి మీదుగా వచ్చినవే అనుకోవచ్చు. తర్వాత తలెత్తి, రెండిళ్ల మధ్య పై అంతస్తు గోడలో సంవత్సరం చెక్కిన రాయి ఉందేమో వెతకండి. అది లేకపోతే, 1890లలో సవరించిన, మైలుకు 25 అంగుళాల లెక్కన గీసిన ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే) పటం స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో మీ ఇంటి చోట పొలం కనిపిస్తే మీ వీధి ఆ తర్వాతదే. ఆ సర్వే ఏడాది పటం అంచునే ఉంటుంది, రాసుకోండి.

తాతయ్య