ఒమర్ అల్ సోమా: ఐదేళ్ల ఎడబాటు, రెండు పాయింట్ల దూరం

2018 ప్రపంచ కప్ ఆసియా క్వాలిఫయర్స్ మూడో రౌండ్, గ్రూప్-ఎ పట్టిక. ఇరాన్ 22 పాయింట్లు, దక్షిణ కొరియా 15, సిరియా 13, ఉజ్బెకిస్తాన్ 13. మొదటి రెండు జట్లకూ నేరుగా రష్యా టికెట్ దొరికింది. గోల్స్ తేడాతో ఉజ్బెకిస్తాన్‌ను దాటి మూడో స్థానంలో నిలిచిన సిరియా ప్లేఆఫ్‌కు వెళ్లి, ఆస్ట్రేలియా చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడిపోయింది. సిరియా ఇప్పటివరకు ఒక్క ప్రపంచ కప్ కూడా ఆడలేదు. 1986 ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ చివరి దశలో ఇరాక్ చేతిలో ఓడాక మళ్లీ దానికి అంత దగ్గరగా వెళ్లింది అప్పుడే.

కొరియాతో ఆ జట్టు ఆడిన రెండు మ్యాచ్‌లనూ విడిగా చూడాలి. మలేసియాలో 0-0, సియోల్‌లో 0-1. సియోల్‌లో ఒక్క గోల్ కొట్టి డ్రా చేసుకుని ఉంటే సిరియాకు 14 పాయింట్లు, కొరియాకు 13 అయ్యేవి. మలేసియాలో ఒక్క గోల్‌తో గెలిచి ఉంటే సిరియా 15, కొరియా 14. ఏ లెక్కన చూసినా రష్యాకు వెళ్లేది సిరియానే. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ సిరియా తరఫున ఆడని మనిషి ఒకడున్నాడు. అదే సీజన్‌లో సౌదీ లీగ్‌లో 24 గోల్స్ కొట్టి, వరుసగా మూడో ఏడాది టాప్ స్కోరర్‌గా నిలిచిన ఒమర్ అల్ సోమా. అతనికి గాయమేమీ లేదు, ఫామ్‌కు ఢోకా లేదు. అయినా దాదాపు ఐదేళ్లపాటు జాతీయ జట్టు చొక్కా వేసుకోలేదు. ఎందుకన్నది తెలియాలంటే 2011 నుంచి మొదలుపెట్టాలి.

అల్ సోమా 1989లో దేర్ ఎజ్జోర్‌లో పుట్టాడు. తూర్పు సిరియాలో యూఫ్రటిస్ ఒడ్డున ఉన్న నగరం అది. అక్కడి క్లబ్ అల్ ఫుతూవా 1990, 1991లలో వరుసగా దేశ చాంపియన్. అతను సీనియర్ ఆటగాడయ్యేనాటికి ఆ వైభవం తగ్గింది కానీ ఊరికి ఆ క్లబ్ మీద ఉన్న అభిమానం తగ్గలేదు. 2011లో దేశంలో నిరసనలు మొదలై, సైన్యం కాల్పులు జరుపుతున్న రోజుల్లో అతను కువైట్‌లోని అల్ ఖాద్సియాకు వెళ్లాడు. అక్కడ ఉన్న మూడు సీజన్లలో జట్టు రెండుసార్లు లీగ్ గెలిచింది.

సిరియా స్ట్రైకర్లు గల్ఫ్ దారి పట్టడం వెనుక డబ్బు ఒక్కటే లేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య చాంపియన్స్ లీగ్‌లో అప్పట్లో ‘3+1’ నిబంధన ఉండేది. ఒక్కో జట్టులో ముగ్గురు విదేశీయులు ఏ దేశంవారైనా కావచ్చు, నాలుగోవాడు మాత్రం ఆసియా దేశం నుంచే రావాలి. గల్ఫ్ లీగులూ ఇదే పద్ధతి పాటించాయి. మూడు చోట్లలో బ్రెజిల్ వాళ్లనో ఆఫ్రికా వాళ్లనో నింపుకున్న క్లబ్, నాలుగో చోటుకు అరబిక్ మాట్లాడే, గోల్ కొట్టగల ఆసియా ఆటగాడి కోసం వెతుకుతుంది. సిరియా ఆటగాడు అక్కడ సరిగ్గా సరిపోతాడు. యూరప్ తలుపు మాత్రం సులువుగా తెరుచుకోదు. ఇంగ్లండ్‌లో వర్క్ పర్మిట్ కావాలంటే అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలి, అంతకుముందు రెండేళ్లలో ఆ దేశం ఆడిన ముఖ్యమైన మ్యాచ్‌లలో 75 శాతం అతను ఆడి ఉండాలి. సిరియా ర్యాంకు అప్పుడు వంద దాటి ఎక్కడో ఉంది. జాతీయ జట్టుకే దూరమైనవాడికైతే రెండో షరతు కూడా కుదరదు.

జాతీయ జట్టు పరిస్థితి అప్పటికే అధ్వానంగా ఉంది. 2011లో 2014 ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో తజికిస్తాన్‌ను రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించిన సిరియాను ఫిఫా పోటీ నుంచే తప్పించింది. జార్జ్ మురాద్ అనే స్ట్రైకర్ అంతకుముందు స్వీడన్ తరఫున ఫ్రెండ్లీలు ఆడాడు. జట్టు మారడానికి ఫిఫా నుంచి తీసుకోవాల్సిన అనుమతి తీసుకోకుండానే అతన్ని సిరియా దింపింది. రెండు మ్యాచ్‌లనూ 3-0తో తజికిస్తాన్‌కు ఇచ్చేశారు. ఒక్క కాగితం లేక నాలుగేళ్ల అవకాశం పోయింది.

ఆ తర్వాతి ఏడాది దెబ్బ ఇంకా పెద్దది. 2012 జులైలో ఫిరాస్ అల్ ఖతీబ్ కువైట్‌లో ఒక సభలో నిలబడి, సిరియాలో ఫిరంగులు పేలుతున్నంతకాలం జాతీయ జట్టుకు ఆడనని ప్రకటించాడు. అప్పటికి సిరియా ఫుట్‌బాల్‌లో అతనిదే పెద్ద పేరు. అతని సొంతూరు హోమ్స్‌పై సైన్యం ఫిరంగులు పేలుస్తున్న కాలమది. హోమ్స్ క్లబ్ అల్ కరామాలో అతనూ ఆడాడు. అదే క్లబ్‌కు చెందిన యువ గోల్‌కీపర్ అబ్దుల్ బాసిత్ అల్ సారూత్ అప్పటికే వీధుల్లో నిరసనల గొంతుగా మారి, తర్వాత ఆయుధం పట్టి, 2019లో యుద్ధంలోనే చనిపోయాడు.

అదే 2012 డిసెంబర్‌లో కువైట్‌లో పశ్చిమ ఆసియా చాంపియన్‌షిప్ జరిగింది. ఫైనల్లో అహ్మద్ అల్ దూనీ గోల్‌తో సిరియా 1-0తో ఇరాక్‌ను ఓడించి ఆ టైటిల్‌ను తొలిసారి గెలిచింది. ఆ గెలుపు సంబరాల్లో అల్ సోమా చేతిలో కనిపించింది ప్రభుత్వ జెండా కాదు. ఆకుపచ్చ, తెలుపు, నలుపు పట్టీల మధ్య మూడు ఎర్ర నక్షత్రాలున్న జెండా. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో సిరియా జెండా అదే. 2011 తర్వాత అప్పటి దేశాధ్యక్షుడు బషర్ అల్ అసద్ వ్యతిరేకులు దాన్ని మళ్లీ పైకి తీశారు. ప్రభుత్వం దృష్టిలో అది శత్రువు జెండా. ఆ రోజు తర్వాత 2017 ఆగస్టు వరకు జాతీయ జట్టులో అల్ సోమా లేడు.

ఆ ఐదేళ్లలో అతను ఆడిన ఆట అతని కెరీర్‌లోనే అత్యుత్తమం. 2014లో జెద్దాలోని అల్ అహ్లీలో చేరాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన కోచ్ క్రిస్టియన్ గ్రాస్ చేతిలో ఆ జట్టు మొదటి సీజన్‌లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా డ్రాలు ఎక్కువై రెండో స్థానంతో సరిపెట్టుకుంది. అల్ సోమా గోల్స్ 22. మరుసటి సీజన్‌లో 27 గోల్స్ కొట్టాడు, 1984 తర్వాత తొలిసారి అల్ అహ్లీ లీగ్ చాంపియన్ అయింది. అదే ఏడాది కింగ్స్ కప్ కూడా గెలిచింది. మూడో సీజన్‌లో 24. మొత్తం మూడేళ్లలో 73 లీగ్ గోల్స్. ఆరడుగులు దాటిన ఎత్తు, తలతో బంతిని గోల్‌లోకి మళ్లించే నేర్పు, వీపు మీద డిఫెండర్ ఉన్నా బంతిని కాళ్ల దగ్గర ఆపి పట్టుకోగల బలం, దూరం నుంచి ఫ్రీకిక్. సౌదీ అభిమానులు అతన్ని ‘అల్ అఖీద్’ అంటారు, అంటే కల్నల్.

ఆ సమయంలో సిరియా జట్టుకు లోపించినవీ సరిగ్గా ఇవే. యుద్ధం వల్ల స్వదేశంలో మ్యాచ్‌లు ఆడే వీలు లేదు. రెండో రౌండ్‌కు ఒమాన్‌ను సొంత మైదానం చేసుకున్నారు. మూడో రౌండ్‌కు దగ్గర్లో వేదిక దొరక్క మలేసియాదాకా పోయారు. మొదట సెరెంబాన్‌లో, తర్వాత మలక్కాలో ఆడారు. సొంత మ్యాచ్ అంటే డమాస్కస్ నుంచి ఏడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, గాలిలో తేమ, దాదాపు ఖాళీ గ్యాలరీలు. కోచ్ ఐమన్ హకీమ్ చేతిలో ఉన్న సరుకుతో చేయగలిగింది చేశాడు. వెనక్కి తగ్గి గోడలా నిలబడటం, గోల్‌కీపర్ ఇబ్రహీం అల్మా, డిఫెండర్ అహ్మద్ అల్ సాలేహ్ మీద భారం వేయడం, ఎదురుదాడికి అవకాశం కోసం కాచుకోవడం. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. వెనుక నుంచి పొడవుగా కొట్టిన బంతిని ముందు ఎవరో ఒకరు అందుకుని, సహచరులు పైకి వచ్చేదాకా నాలుగైదు సెకన్లు నిలపాలి. ఆ మనిషి లేకపోతే బంతి క్షణాల్లో తిరిగొస్తుంది, డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే సందు ఉండదు.

అంకెలు చూడండి. మొదటి ఏడు మ్యాచ్‌ల్లో సిరియా కొట్టిన గోల్స్ రెండంటే రెండే. షియాన్‌లో చైనా మీద మహమూద్ అల్ మవాస్ కొట్టినది ఒకటి, మలక్కాలో ఉజ్బెకిస్తాన్ మీద చివరి క్షణాల్లో ఒమర్ ఖ్రిబిన్ పెనాల్టీ ఇంకొకటి. తిన్న గోల్స్ కూడా మూడే! డిఫెన్స్ ప్రపంచ కప్ స్థాయిలో ఆడింది, ముందు వరుస ఆడలేదు. ఈ అంకెల్లో కొంత వాటా ఖాళీగా ఉన్న ఆ చోటుదే అని నా నమ్మకం. అలాగని తప్పు అల్ సోమాది అనడం అన్యాయం. సొంత ఊళ్ల మీద బాంబులు వేసే ప్రభుత్వం పేరు మీద ఆడాలా వద్దా అనే ప్రశ్నను ఆటగాడి ముందు పెట్టింది ఆ ప్రభుత్వమే.

2017 మార్చిలో అల్ ఖతీబ్ తిరిగొచ్చాడు, ఆగస్టులో అల్ సోమా. ఈ రాకను దేశం ఒకేలా తీసుకోలేదు. అసద్ వ్యతిరేకులు చాలామంది ఆ జట్టును ‘బారెల్ బాంబుల జట్టు’ అనేవారు. పేలుడు పదార్థమూ ఇనుప ముక్కలూ కూరిన డ్రమ్ములను హెలికాప్టర్ల నుంచి ఇళ్ల మీద జారవిడిచిన ప్రభుత్వానికి ఆ జట్టు ముఖచిత్రం అన్నది వాళ్ల బాధ. వాళ్లకు ఈ ఇద్దరి రాక వెన్నుపోటులా తోచింది. శరణార్థుల్లోనే ఇంకొందరు టీవీల ముందు కూర్చుని ఏడ్చారు, గంతులేశారు. రెండూ నిజాయితీగల స్పందనలే.

మైదానంలో తేడా వెంటనే తెలిసింది. ఆగస్టు 31న ఖతార్ మీద 3-1. సెప్టెంబర్ 5న టెహ్రాన్‌లో ఆఖరి మ్యాచ్. అంతకుముందు తొమ్మిది మ్యాచ్‌ల్లో ఇరాన్ ఒక్క గోల్ కూడా తినలేదు. తామిర్ హాజ్ మొహమ్మద్ సిరియాకు మొదటి గోల్ కొట్టాడు. సర్దార్ అజ్మూన్ రెండు కొట్టి ఇరాన్‌ను ముందుకు తెచ్చాడు. ఓడితే అంతా ముగిసినట్టే. 93వ నిమిషంలో అల్ సోమా దూసుకెళ్లి గోల్‌కీపర్ బెయిరాన్‌వంద్ కాళ్ల మధ్య నుంచి బంతిని లోపలికి పంపాడు. 2-2. ప్లేఆఫ్ దక్కింది. అదే రోజు సిరియాలో మరో సంఘటన జరిగింది. మూడేళ్లుగా ఐసిస్ ముట్టడిలో ఉన్న దేర్ ఎజ్జోర్‌లోకి ప్రభుత్వ సైన్యం దారి చేసుకుని ప్రవేశించింది. గోల్ కొట్టినవాడి ఊరే అది.

ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్ అక్టోబర్ 5న మలక్కాలో జరిగింది. రాబీ క్రూస్ గోల్‌కు 85వ నిమిషంలో అల్ సోమా పెనాల్టీతో జవాబిచ్చాడు, 1-1. అయిదు రోజుల తర్వాత సిడ్నీలో ఆరో నిమిషంలోనే అల్ సోమా గోల్ కొట్టాడు. 13వ నిమిషంలో టిమ్ కాహిల్ తలతో సమం చేశాడు. తొంభై నిమిషాలకూ 1-1, రెండు మ్యాచ్‌లూ కలిపితే 2-2. ఎక్స్‌ట్రా టైమ్ మొదట్లోనే అల్ మవాస్ రెడ్‌కార్డుతో బయటికి వెళ్లాడు. పదిమందితో నెట్టుకొస్తుండగా 109వ నిమిషంలో కాహిల్ మళ్లీ తలతో కొట్టాడు. ఆఖరి నిమిషంలో బాక్స్ బయట సిరియాకు ఫ్రీకిక్. అల్ సోమా కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. అది లోపలికి వెళ్లి ఉంటే మొత్తం 3-3 అయ్యేది. ప్రత్యర్థి మైదానంలో సిరియావి రెండు గోల్స్, ఆస్ట్రేలియాది ఒకటి. అప్పటి నిబంధన ప్రకారం సిరియానే గెలిచేది, హోండురాస్‌తో చివరి ప్లేఆఫ్ ఆడేది. టెహ్రాన్, మలక్కా, సిడ్నీ మూడింట్లో కలిపి సిరియా కొట్టిన నాలుగు గోల్స్‌లో మూడు అతనివే.

ఆ ఏడాదే అల్ హిలాల్ తరఫున పది గోల్స్‌తో ఆసియా చాంపియన్స్ లీగ్ టాప్ స్కోరర్ అయిన ఖ్రిబిన్, ఆసియా ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్న తొలి సిరియన్ అయ్యాడు. ఇద్దరు ఒమర్లూ ఒకే జట్టులో ఉంటే 2019 ఆసియా కప్ దున్నేస్తారనుకున్నారు. జరిగింది వేరు. పాలస్తీనాతో 0-0, జోర్డాన్ చేతిలో 0-2. కోచ్ బెర్న్‌డ్ స్టాంగెను టోర్నీ మధ్యలోనే తీసేశారు. ఆస్ట్రేలియాతో 2-3లో ఇద్దరూ చెరో గోల్ కొట్టినా ఇంటిదారి తప్పలేదు. స్ట్రైకర్లు ఇద్దరున్నా వాళ్లకు బంతి అందించే మిడ్‌ఫీల్డ్ లేకపోతే ఇంతే.

2022లో అల్ అహ్లీ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. అల్ సోమా ఖతార్‌లోని అల్ అరబీకి, 2024లో మళ్లీ సౌదీకి, అల్ ఒరుబాకు మారాడు. 2024 జనవరి ఆసియా కప్‌కు కోచ్ హెక్టర్ కూపర్ అతన్ని ఎంపిక చేయలేదు. విమర్శలు వచ్చాయి కానీ సిరియా తొలిసారి నాకౌట్‌కు చేరింది. అక్కడికి చేర్చిన గోల్ భారత్ మీద 76వ నిమిషంలో ఖ్రిబిన్ కొట్టినది. ఆ సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో సిరియా 3-0తో భారత్‌ను ఓడించి కప్పు ఎత్తుకెళ్లింది. ఆ మూడు గోల్స్‌లో రెండు దాలెహో ఇరాందుస్త్, పాబ్లో సబ్బాగ్‌లవి. ఒకరు స్వీడన్‌లో, ఒకరు కొలంబియాలో పుట్టారు. జార్జ్ మురాద్ వ్యవహారంలో బోల్తా పడిన సమాఖ్య, ఈసారి విదేశాల్లోని సిరియా మూలాలున్న ఆటగాళ్లను పద్ధతి ప్రకారం తెచ్చుకుంటోంది.

2024 డిసెంబర్‌లో అసద్ ప్రభుత్వం కూలింది. అల్ సోమా 2012లో ఎత్తిన జెండాయే దేశ జెండా అయింది, జట్టు ఎర్ర చొక్కా పోయి ఆకుపచ్చది వచ్చింది. 2025 మార్చిలో పాకిస్తాన్‌పై 2-0తో గెలిచిన మ్యాచ్ సిరియాకు ‘సొంత మైదానం’ మ్యాచ్. అది జరిగింది సౌదీలోని అల్ అహ్సాలో.